ఎర్రత్త మందు

చిన్నప్పుడు నేను చెప్పిన అబద్ధాలకు లెక్కలేదు. వాటిలో ఒక్కదానికీ నాకు గట్టిగా దెబ్బలు పడలేదు. వీపు విమానం మోత మోగింది మాత్రం ఒకే ఒక్క నిజం చెప్పినందుకు. ఆ కోపం నాకింకా పూర్తిగా చల్లారలేదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మాది మార్కాపురం. నాయన పలకలకు చెక్క చట్రాలు బిగించే షెడ్డులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమలు కూడా బూడిదరంగుకు తిరిగి ఉండేవి. రాష్ట్రం ఏర్పడి ఎన్నో ఏళ్ళు కాలేదు, మా తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఊరూరా కొత్త బడులు తెరుస్తున్నారని, పలకలకు గిరాకీ పెరిగిందని షెడ్డులో వాళ్ళు సంబరంగా చెప్పుకునేవాళ్ళు. పలకలతో కలిపి పంపడానికి బలపాల పెట్టెలు కూడా ఆ షెడ్డుకు వచ్చేవి. విరిగిన బలపాలు నాయన జేబులో వేసుకుని తెచ్చేవాడు. ఆయన రాసుకోమని తెచ్చేవాడు, నేను తినేదాన్ని.

తిననివాళ్ళకు ఆ రుచి ఎట్లా చెప్పాలో తెలియదు. తొలకరి చినుకులు పడ్డ మట్టిగోడ వాసన వస్తుంది చూడండి, అది నాలుక మీద కరిగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. అమ్మ తిట్టేది, కొట్టబోయేది, చివరికి దాచేది. జొన్నల కుండలో దాచినా, దేవుడి పటం వెనక దాచినా నాకు దొరికేవి. ఆ దెబ్బతో మా ఇంట్లో ఏ బలపం కనబడకపోయినా దొంగ నేనే అయ్యేదాన్ని. చాలాసార్లు నిజంగానే నేనే.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు నడుస్తుండగా చెవిలో చీము పట్టింది. మొదట అవ్వ, అంటే నాయన తల్లి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసింది. తగ్గలేదు. జ్వరం కూడా వచ్చాక నాయన నన్ను భుజాన వేసుకుని బస్టాండు పక్కనున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు కోస్తా వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో చిన్న ఆసుపత్రి పెట్టుకున్నాడు. వయసు పెద్దగా లేదు, కళ్ళద్దాలు మాత్రం పెద్దవి. ఆయన సూది తీయగానే నేను పెట్టిన కేకలకు బస్సు కోసం నిలబడ్డ జనం లోపలికి తొంగి చూశారట. రోజూ సూది వేయాలంటే రోజూ ఈ గోల భరించాలని ఆయనకు అర్థమైపోయి, సరేలే అని మాత్రలు రాశాడు. ఎర్రటి పూత పూసిన మాత్రలు. ఇది కొత్తగా వచ్చిన మందు, బాగా పనిచేస్తుంది, చెవి ఆరిపోయాక ఆపేయండి అని చెప్పి పంపాడు.

నిజంగానే బాగా పనిచేసింది. చీము ఎండింది, జ్వరం పోయింది, నేను మళ్ళీ వీధిలో పడ్డాను. అమ్మకు ఆ మాత్రల మీద గురి కుదిరింది. ఒకసారి గురి కుదిరితే అమ్మ మధ్యలో వదిలే మనిషి కాదు. చెవి ఆరిపోయినా, మళ్ళీ రాకుండా ఉంటుందని పొద్దున, సాయంత్రం వేస్తూనే ఉంది. మాత్రలు అయిపోతే అదే చీటీ పట్టుకుని మందుల దుకాణానికి పోయి ఇంకా తెచ్చింది. దుకాణంవాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు.

కొన్నాళ్ళకు నాకు దురద మొదలైంది. ఒంటి మీద పొక్కు లేదు, దద్దురు లేదు, చూడ్డానికి ఏమీ లేదు. అరచేతుల్లో, అరికాళ్ళలో మాత్రం లోపలి నుంచి ఎవరో గీకుతున్నట్టు ఉండేది. బడిలో కూర్చుని పలక అంచుకేసి అరచేతులు రుద్దుకునేదాన్ని. అన్నం చూస్తే వికారం. అమ్మ వేపాకు కాచిన నీళ్ళు పోసింది, పసుపు రాసింది. తగ్గకపోయేసరికి, చెవిలో పుండునే మాన్పిన మందుకు దురద ఒక లెక్కా అని ఆ మాత్రలే ఇంకాస్త శ్రద్ధగా వేయడం మొదలుపెట్టింది. ఆమె మాట వింటే ఎవరికైనా సబబుగానే తోస్తుంది. మా వీధిలో అందరికీ తోచింది.

ఆ తర్వాత జరిగింది కాస్త మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు. అప్పట్లో మాకు ఇంటి వెనక కంపచాటే దొడ్డి. ఒక పొద్దున నేను వెళ్ళొచ్చాక అమ్మ ఎందుకో అటు వెళ్ళి, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది. నా దొడ్డి రంగు తెల్లగా ఉంది, సుద్ద కలిపి ముద్ద చేసినట్టు. మార్కాపురంలో, పలకల షెడ్డులో పనిచేసే మనిషి ఇంట్లో, బలపాల దొంగ అని పేరుపడ్డ పిల్లకు అట్లా అయితే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? అమ్మ అదే అనుకుంది. ఎన్ని తిన్నావు, యాడ దాచినావు అని చింతబరికె అందుకుంది.

"తిన్లేదమ్మా," అన్నాను.

తినలేదు మరి. అన్నమే సయించనిదాన్ని బలపం ఏం తింటాను? ఆ మాటే ఏడుస్తూ చెప్పాను. ఎన్నోసార్లు మూతికి తెల్లపొడి అంటుకుని ఉండగానే తిన్లేదని బుకాయించినదాన్ని, మూతి శుభ్రంగా ఉన్నప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు? బరికె విరిగేదాకా కొట్టింది. దెబ్బలకంటే నమ్మకపోవడం ఎక్కువ మండింది. ఇంట్లోవాళ్ళెవ్వరితోనూ మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని, మధ్యాహ్నానికి మరచిపోయాను.

మరుసటి రోజో ఆ మరుసటి రోజో అవ్వ నన్ను ఎండలో కూర్చోబెట్టి తల దువ్వుతూ, గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకుంది. కళ్ళ తెల్లగుడ్డు పచ్చగా ఉంది. ఇది బలపం కాదమ్మాయ్, కామెర్లు అని అమ్మతో చెప్పింది. హమ్మయ్య, నా నిజం తేలింది అనుకున్నాను. అమ్మ ఓడిపోలేదు. బలపాలు తినే కామెర్లు తెచ్చుకుందని కొత్త తీర్పు చెప్పింది.

కామెర్లకు ఏం చేయాలో అవ్వకు బాగా తెలుసు. పుల్లలచెరువు వైపు అడవి అంచు ఊళ్ళో ఒకాయన ఆకు పసరు పోస్తాడు, పోశాక మణికట్టు మీద వాత పెడతాడు, వాత మానేలోపల కామెర్లు దిగిపోతాయి. తన మణికట్టు మీద చింతగింజంత నల్లటి మచ్చను అవ్వ నాకు ముద్దుగా చూపించింది. చిన్నప్పుడు తనకూ పెట్టారట, అప్పటి నుంచి ఏ రోగమూ రాలేదట. నేను ఆ మచ్చ చూసినప్పటి నుంచి గంజి తాగడం కూడా మానేశాను. నాయన మెత్తని మనిషి. షెడ్డులో పనికి ఎదురులేదు గానీ ఇంట్లో మాటకు ఎప్పుడూ వెనకే. అవ్వ ఫలానా రోజు పొద్దున బస్సుకు పోదామంటే సరేనన్నాడు.

బయల్దేరే రోజు అమ్మ ఒక మెలిక పెట్టింది. మాత్రలు అయిపోయినాయి, దుకాణంలో లేవంటున్నారు, డాక్టరు దగ్గర ఉంటే ఇప్పించుకుని పోదాం, పసరుకు తోడు అవీ వేస్తే రెండు విధాలా మంచిది కదా అని. ఆసుపత్రి ఎట్లాగూ బస్టాండు పక్కనే. అవ్వ మూట పెట్టుకుని ఆసుపత్రి గుమ్మం దగ్గర కూర్చుంది, బస్సు వస్తే కేకేయడానికి. ఏ మాత్రలు నన్ను తినేస్తున్నాయో ఆ మాత్రల కోసం అమ్మ పడ్డ ఆరాటమే నన్ను ఆయన ముందుకు తీసుకెళ్ళింది. దీన్ని అదృష్టమనాలో ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

డాక్టరు మాత్రల మాట వినిపించుకోలేదు. నన్ను చూడగానే లేచి వెలుతురులోకి తీసుకెళ్ళి కళ్ళు లాగి చూశాడు. బల్ల మీద పడుకోబెట్టి కుడివైపు డొక్క కింద వేళ్ళతో నొక్కితే నేను ముడుచుకుపోయాను. దురద ఉందా, మూత్రం ఏ రంగులో ఉంది, దొడ్డి ఏ రంగులో ఉంది అని వరసగా అడిగాడు. మూత్రం లంగాకు మరక పడేంత చిక్కటి రంగులో వస్తున్న మాట నిజమేనని అమ్మ ఒప్పుకుంది. దొడ్డి తెల్లగా ఉందని చెప్పి, అది బలపాలు తిన్నందుకు సారూ, ఎంత కొట్టినా మానదు అని నా పరువు తీసింది.

ఆయన నా పక్కన వంగి, "బలపం తిన్నావా అమ్మా?" అని అడిగాడు.

"ముందు తిన్నాను. ఇప్పుడు తిన్లేదు."

నా మొహంలోకి కాసేపు చూసి అమ్మవైపు తిరిగాడు. "ఈ పిల్ల నిజమే చెప్తోంది. బలపం తింటే ఇట్లా రాదు," అన్నాడు.

నేను భోరున ఏడ్చాను. సూదికి భయపడి ఏడుస్తున్నాననుకుని సూది లేదు, సూది లేదని ఆయన నచ్చజెప్పాడు. నా ఏడుపు దానికి కాదు. ఇంటిల్లిపాదీ అబద్ధాలకోరంటుంటే పరాయి మనిషి ఒకడు నిజమన్నాడు. ఆ క్షణం నుంచి ఆయన ఏం చెప్పినా చేయడానికి నేను సిద్ధం.

తర్వాత మాత్రల సంగతి అడిగాడు. చెవి ఆరిపోయినా వదలకుండా వేస్తున్నామని, ఒక్క పూట కూడా తప్పలేదని అమ్మ గర్వంగా చెప్పింది. డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. బయట బస్సు ఏదో వచ్చి పోయింది. నాయన తనేదో తప్పు చేసినట్టు నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఇది నేనిచ్చిన మందు చేసిన పని," అన్నాడు డాక్టరు. "అందరికీ ఇట్లా చెయ్యదు. ఎక్కడో ఒకరికి కాలేయం మీద పడుతుందని చదివాను. చూడటం ఇదే మొదలు."

నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు కూడా ఉంటాయని, ఇవి అవి కాదని ఒట్టేసి చెప్పలేనని కూడా అన్నాడు. కానీ ముందు దురద, తర్వాత తెల్లదొడ్డి, ఇన్నాళ్ళుగా ఈ మాత్రలు, అన్నీ కలిపి చూస్తే తన మందే అనిపిస్తోందన్నాడు. కాలేయంలో పసరు ఊరుతుందట. అది సన్నటి గొట్టాల గుండా పేగుల్లోకి దిగుతుందట. దొడ్డికి పసుపురంగు వచ్చేది దానివల్లే. మందు పడక ఆ దారి వాచి మూసుకుపోతే, కిందికి దిగాల్సిన పసరు వెనక్కి మళ్ళి రక్తంలో కలుస్తుంది. అందుకే కళ్ళు పచ్చన, మూత్రం పచ్చన, ఒళ్ళంతా దురద, దొడ్డి మాత్రం తెలుపు.

అమ్మ తల బాదుకోవడం మొదలుపెట్టింది. మీరు ఆపమన్నా ఆపకుండా నా చేతులతో నేనే మింగించినాను సారూ, పైగా బరికె విరగ్గొట్టినాను అని. ఆయన ఆమె చేతులు పట్టుకుని ఆపలేడు కదా, టేబులు మీద గట్టిగా తట్టాడు. మీరు మంచికే వేశారు, ఎన్నాళ్ళు వెయ్యాలో, ఎందుకు ఆపాలో విడమరచి చెప్పాల్సింది నేను, చెప్పలేదు అన్నాడు. డాక్టరు అట్లా అనడం నేను అంతకుముందు వినలేదు. పెద్దయ్యాక కూడా ఎక్కువ వినలేదు.

ఇంతలో అవ్వ లోపలికి వచ్చింది. గుమ్మంలో కూర్చున్నా చెవులు లోపలే పెట్టింది కాబట్టి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. లోపలి పసరు దిగలేదంటే బయటి పసరు పోస్తే తోసుకుని దిగుతుంది కదా, ఇంతమాత్రం దానికి చదువెందుకు అన్నది ఆమె వాదన. పసరు అనే మాట డాక్టరే వాడాడు, ఇక తప్పించుకునే దారి లేదు.

"నీ మందే పిల్లను ఇంత చేసె. మళ్ళా నీ మాటే వినాల్నా నాయనా?" అని అడిగింది అవ్వ.

ఆయనకు కోపం వస్తుందేమోనని నాయన అవ్వ భుజం పట్టుకున్నాడు. డాక్టరుకు కోపం రాలేదు. "మీరడిగింది న్యాయమే అవ్వా," అన్నాడు. "ఏది మింగినా కాలేయమే మొయ్యాలి. ఇప్పుడది మోసే స్థితిలో లేదు. అందుకని నా మందూ వద్దు, మీ పసరూ వద్దు, వాతా వద్దు."

ఆయన ఇంకో మాత్ర రాసి ఉంటే అవ్వ గొడవపడి నన్ను లాక్కెళ్ళేదే. తన మందు కూడా వద్దనేసరికి ఆమె వాదన కాస్త నీరుగారింది. ఇద్దరూ తలా ఒకటి వదులుకుంటున్నట్టు లెక్క తేలింది. అయినా మెట్టు దిగలేదు, బస్సు వచ్చేదాకా చూద్దామన్నట్టు మూట చంకలోనే పెట్టుకుంది. అంతలో బస్సు వచ్చింది. కండక్టరు పుల్లలచెరువు, పుల్లలచెరువు అని అరుస్తున్నాడు. అందరం నాయన వైపు చూశాం. నా మణికట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నేనూ చూశాను.

"అమ్మా, బస్సు పోనీలే," అన్నాడు నాయన.

మా ఇంట్లో నాయన అవ్వ మాటకు ఎదురు చెప్పడం నాకు తెలిసి అదే మొదటిసారి. ఎందుకు నమ్మావని తర్వాత అమ్మ అడిగితే, షెడ్డులో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, పలక పగిలితే నా చేతిలో పగిలిందని చెప్పేవాడు ఒక్కడూ లేడు, ఈయన చెప్పినాడు అన్నాడట.

డాక్టరు ఊరికే పంపలేదు. పిల్ల మత్తుగా పడుకున్నా, వాంతులు ఆగకపోయినా, ఎక్కడైనా రక్తం కనబడినా ఆలోచించకుండా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని, తానూ వెంట వస్తానని చెప్పాడు. పలచటి మజ్జిగన్నం, చెరుకురసం, పండ్లు, అంతే. తర్వాత అవ్వను పిలిచి ఆమెకో ఉద్యోగం ఇచ్చాడు. రోజూ పొద్దున పిల్ల దొడ్డి రంగు చూసి చెప్పాలి. రంగు తిరిగితే దారి తెరుచుకున్నట్టు, తిరగకపోతే తెరుచుకోనట్టు. కళ్ళకన్నా అదే ముందు చెప్తుంది. ఇది మీరే చెయ్యాలి అవ్వా, ఈ పిల్ల తల్లికి తెల్లగా ఏది కనబడినా బలపమే అన్నాడు. అవ్వ నవ్వలేదు గానీ మూట కింద పెట్టింది.

ఆ మందు పేరు ఒక కాగితం మీద రాసిచ్చి, ఈ పిల్లకు జన్మలో ఇది ఇవ్వకూడదు, ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఈ మాట చెప్పాలి అని గట్టిగా చెప్పాడు. కాగితం పోతుందని నాయన ఆ ఇంగ్లీషు అక్షరాలను చూసి ఇంట్లో పలక మీద గీశాడు. అది చెరిపేసి నేనే ఆ పలక మీద రెండో ఎక్కం రాసుకున్నాను. మా ఇంట్లో పలక మీద రాసింది ఏదీ ఒక పూట కంటే నిలవదు. అప్పటికి కాగితమూ పోయింది. దాంతో అమ్మ నోటికి నేర్చుకుంటానని డాక్టరు దగ్గరికే వెళ్ళి కూర్చుంది. ఎరిత్రోమైసిన్ అన్నాడాయన. ఆమె నాలుక తిరగలేదు. ఆయన ముక్కలు ముక్కలుగా చెప్తే అమ్మ మొహం ఉన్నట్టుండి వెలిగిందట. ఎర్రత్త మైసినా సారూ అని అడిగిందట. ఆయన కాసేపు ఆలోచించి, అదే, అట్లాగే గుర్తుపెట్టుకోండి అన్నాడట.

ఎర్రత్త అంటే గిద్దలూరులో ఉండే మా మేనత్త, నాయనకు అక్క. మావైపు తెల్లగా ఉన్నవాళ్ళను ఎర్రగా ఉన్నారంటాం, అందుకని పిల్లలం ఎర్రత్త అనేవాళ్ళం. అమ్మ ఆ మందు పేరు ఇంట్లో పైకి వల్లెవేస్తుంటే అవ్వకు ఒళ్ళు మండిపోయింది. లోకంలో ఇన్ని పేర్లుండగా విషానికి నా బిడ్డ పేరే దొరికిందా నీకు అని దెబ్బలాడింది. అమ్మ పాపం ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది. ఆడబిడ్డ పేరు పెట్టి మందును రోజూ తిట్టుకోవడంలో ఆమెకు కాస్త హాయి ఉందని నా అనుమానం.

ఆ తర్వాత రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. దురద గుర్తుంది. గోళ్ళు కురచగా కత్తిరించి, తడిగుడ్డ చుట్టి, అమ్మ నా అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసిరేది. విసురుతూ కన్నీళ్ళు పెట్టుకునేది, నేను కళ్ళు తెరిస్తే వెంటనే తిట్టేది. నేను చచ్చిపోతానేమోనని భయపడుతోందని నాకు తెలిసిపోయింది. భయం వేసింది, ఆమె అంత భయపడుతున్నందుకు కొంచెం గొప్పగానూ అనిపించింది. డాక్టరు సాయంత్రాలు సైకిలు మీద ఆ దారినే పోతున్నట్టు వచ్చి మా గుమ్మం ముందు దిగేవాడు. మా వీధి అవతల ఏమీ లేదు, పలకల తుక్కు దిబ్బ తప్ప. ఆ దారిన ఎక్కడికి పోతున్నాడో ఎవరూ అడగలేదు.

రోజూ అవ్వ చెప్పేది ఒకటే మాట, సుద్ద. వారం మారింది. సుద్ద. నా కళ్ళు ఇంకా పచ్చబడ్డాయి. ఎదురుచూసే ఓపిక ముందు అవ్వకే పోయింది. ఈ శనివారందాకా చూస్తాను, ఆ తర్వాత నా మనవరాలిని నేను తీసుకుపోతాను, ఎవడు అడ్డమొస్తాడో చూస్తాను అని నాయనకు చెప్పేసింది. నాయన సరేననలేదు, కాదనలేదు. షెడ్డు నుంచి మధ్యాహ్నమే వచ్చి నా మంచం పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన కూడా డాక్టరు మాట అనుమానిస్తున్నాడని నాకు తోచింది. ఆ ఒక్కటీ నేను తట్టుకోలేకపోయాను.

శనివారం రానే వచ్చింది. పొద్దున అవ్వ కంపచాటుకు వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి నాయనను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళింది. ఆయనను చూడమంది. పాపం ఆయన చూశాడు. అమ్మనూ పిలిచారు. ముగ్గురూ నిలబడి చర్చించుకుంటున్నారు. జొన్నరొట్టె రంగు అని అవ్వ, అంత లేదత్తా అని అమ్మ, కొంచెం తిరిగింది, తిరిగిన మాట నిజం అని నాయన. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ ఇంట్లో నిజం చావు భయం లేకుండా, ఉత్త సిగ్గుతో ఆ మాట అనుకోవడం చాలా రోజుల తర్వాత అదే మొదలు.

అవ్వ పుల్లలచెరువు మాట ఎత్తలేదు. తర్వాతి రోజుల్లో జొన్నరొట్టె కాస్తా వేయించిన శనగపిండి అయింది, ఆపైన ఉడికిన కందిపప్పు అయింది. కందిపప్పు అయిన పొద్దున ఆమె డాక్టరు ఆసుపత్రికి ఒక్కతే నడిచివెళ్ళి, బల్లల మీద కూర్చున్న రోగులందరి ముందూ, కందిపప్పు నాయనా, కందిపప్పు అని చెప్పిందట. వాళ్ళంతా ఆమె పప్పు అమ్మడానికి వచ్చిందనుకున్నారు. డాక్టరు మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి ఆమెకు రెండు చేతులూ జోడించాడట. ఈ మాట అవ్వ బతికున్నన్నాళ్ళూ చెప్పుకుంది.

దురద పోయింది. ఆకలి వచ్చింది. కళ్ళు తెల్లబడడానికి ఇంకా చాన్నాళ్ళు పట్టింది గానీ అప్పటికి ఇంట్లో ఎవరూ భయపడడం లేదు. నేను మళ్ళీ బడికి పోయే రోజు అమ్మ నా చేతిలో కొత్త బలపం పెట్టింది, విరగనిది, నిండు బలపం. నా మొహం మాత్రం చూడలేదు. నేను దాన్ని వాసన చూసి, పలక మీద రాసుకున్నాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నాలుగేళ్ళ తర్వాత ఎర్రత్త ఇంట్లో పెళ్ళికి గిద్దలూరు పోయాం. అక్కడ నాకు గొంతు వాచి జ్వరం వచ్చింది. ఎర్రత్తే మమ్మల్ని వాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మ పాఠం మరచిపోలేదు. సారూ, మా పిల్లకు ఎర్రత్త పడదు అని మొదటే చెప్పింది. ఆయన పక్కనే నిలబడ్డ ఎర్రత్తను చూశాడు. ఎర్రత్త అమ్మను చూసింది. ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండని ఆయన తెల్లటి మాత్రలు ఇచ్చి పంపాడు. ఎర్ర మాత్రలు కావు కదా అని అమ్మ కూడా ఊరుకుంది. ఎర్రత్త ఆ రోజంతా మాతో మాట్లాడలేదు.

రెండో మాత్ర వేసుకున్నాక, మర్నాడు పొద్దున నా అరచేతుల్లో మొదలైంది. పొక్కు లేదు, దద్దురు లేదు. అమ్మా, అదే దురద అన్నాను. ఎర్రత్త కొత్త బట్టల గంజి అంది, ఇంకెవరో పెళ్ళి వంకాయకూర అన్నారు. అమ్మ ఎవ్వరి మాటా వినలేదు. వడ్డిస్తున్న గరిటె అక్కడే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని, మాత్రల సీసా తీసుకుని ఆ డాక్టరు దగ్గరికి నడిచింది. ఇది వేరే మందమ్మా, పేరే వేరు అన్నాడాయన.

"పేరు ఏదైనా కానీ సారూ. మా పిల్ల అదే అంటాంది. లోపల ఏముందో చదవండి," అంది అమ్మ.

ఆయన విసుక్కుంటూనే సీసాను వెలుతురుకు పెట్టి కింద చిన్న అక్షరాలు చదివాడు. తర్వాత ఇంకోసారి చదివాడు. పైన పేరు వేరే గానీ లోపలున్నది ఎరిత్రోమైసినే. సీసా మూత బిగించి తన సొరుగులో వేసుకుని, రెండే కదా మింగింది, ఇక భయం లేదు, మంచిపని చేశారు అన్నాడు. అప్పుడు ఎర్రత్త సంగతేమిటో అడిగి తెలుసుకుని పడీపడీ నవ్వాడు. రెండు మూడు రోజుల్లో దురద పోయింది. కళ్ళు పచ్చబడనే లేదు. ఎర్రత్తకు విషయం అర్థమయ్యాక, పోనీలే, నా పేరుతో పిల్ల బతికింది అని అమ్మతో మాట కలిపింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అమ్మను అడిగాను, ఆయన చదవకముందే, అందరూ కాదంటుంటే నువ్వు ఎట్ల నమ్మినావు అని. అమ్మ పెళ్ళిలో కట్టిచ్చిన లడ్డు విప్పి నా చేతిలో పెట్టింది.

"బలపం తిన్లేదన్న పొద్దే నమ్మింటే అంత దూరం పోయేది కాదు గదే," అంది.